ఖాళీ సైటులో టైర్ల గుట్ట: తీయించిన నెలకే మళ్లీ ఎందుకు పెరుగుతుంది?

మీరు రాసిన విషయం ఇది. బెంగళూరులో హూడి దాటాక మీ లేఅవుట్ వెనుక, వాననీరు పోయే పెద్ద కాలువైన రాజకాలువ గట్టును ఆనుకుని ఒక ఖాళీ సైటు ఉంది. రాత్రిపూట గూడ్స్ ఆటోలు వచ్చి అక్కడ పాత టైర్లు పడేసి పోతున్నాయి. రెండుసార్లు ఫిర్యాదు చేసి తీయించినా నెల తిరగకముందే గుట్ట మళ్లీ పెరిగింది. వానలు మొదలయ్యాక మీ వీధిలో ఇద్దరు పిల్లలకు డెంగీ వచ్చింది, పోయిన వారం ఎవరో గుట్టకు నిప్పు కూడా పెట్టారు. ఎవరికి ఫిర్యాదు చేస్తే ఇది ఆగుతుందని మీరు అడిగారు. నేను కృష్ణరాజపురం దగ్గర లారీ టైర్లకు రీబటన్ వేసే, అంటే అరిగిన టైరు మీద కొత్త రబ్బరు పట్టీ అతికే యూనిట్‌లో పదిహేడేళ్లు పనిచేశాను; ఆ తర్వాత మా వీధుల్లో ఇదే సమస్యతో నాలుగేళ్లు వేగాను. ఫిర్యాదు తప్పకుండా చేయాలి, ఎక్కడ చేయాలో కింద రాస్తాను. అయితే టైరు మీ సైటులో పడ్డాక చేసే పని ఏదైనా ఆలస్యంగా చేసే పనే. అది ఏ షాపు నుంచి బయలుదేరిందో కనిపెట్టి, ఆ షాపుకు వేరే దారి చూపించినప్పుడే గుట్ట పెరగడం ఆగుతుందని నా అనుభవం.

పాత టైరుకు ధర ఉంటుంది. అన్ని టైర్లకూ ఒకే ధర ఉండదు, చిక్కంతా అక్కడే ఉంది. లారీ టైరు అరిగిపోయినా కేసింగ్, అంటే పై రబ్బరు కింద ఉండే టైరు ఒళ్లు, గట్టిగా ఉంటే రీబటన్‌కు వెళుతుంది. నైలాన్ టైర్లలో అంచు దగ్గర తప్ప ఉక్కు ఉండదు కనుక పాత రబ్బరును మళ్లీ వాడేలా మార్చి రీక్లెయిమ్ రబ్బరు చేసేవారు వాటిని అడిగి మరీ కొనుక్కుంటారు. పక్కగోడ పగిలిన కేసింగ్‌కూ, ఉక్కు తీగలు బయటికి పొడుచుకొచ్చిన రేడియల్ టైరుకూ, చిన్న కారు టైరుకూ, స్కూటర్ టైరుకూ బేరం పలకదు. పైగా టైరు తూగే బరువు కన్నా ఆక్రమించే చోటు ఎక్కువ. అరిగిన కారు టైరు ఏడెనిమిది కిలోలకు మించదు, కానీ బండిలో పాతిక కిలోల బియ్యం బస్తా కన్నా ఎక్కువ చోటు తింటుంది. అలాంటివి పది మోసుకుపోతే వచ్చే డబ్బు డీజిలుకు కూడా చాలదు. పంక్చర్ షాపు చూస్తే పదడుగుల గది. ముందున్న ఫుట్‌పాత్ మీద టైర్లు పేర్చుకుంటే తీసేయమని పోలీసులు వస్తారు. అందుకే నెలాఖరుకు ఎవరో ఒకరు వచ్చి, టైరుకు ఇంత ఇస్తే మొత్తం ఎత్తుకుపోతానంటే, ఎక్కడికని ఆ షాపు యజమాని అడగడు. మీ సైటులో పడుతున్నవి దాదాపుగా అలాంటి టైర్లే అయి ఉంటాయి.

కాబట్టి ఈసారి గుట్టను తీయించే ముందు ఒక పగటిపూట దాన్ని చదవండి. చదవడమనే అంటున్నాను, ఎందుకంటే ప్రతి టైరు మీదా ఏదో ఒక రాత ఉంటుంది. చేతులకు మందపాటి తొడుగులు, కాళ్లకు బూట్లు వేసుకోండి; తెగిన తీగలు చేతిని కోసేస్తాయి, టైర్ల సందుల్లో పాములు, తేళ్లు ఉంటాయి. పక్కగోడ మీద చిన్న గడిలో నాలుగంకెల సంఖ్య కనిపిస్తుంది: 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. దానివల్ల వయసు తెలుస్తుందే గాని ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. అది తెలియాలంటే లోపలివైపు చూడాలి. రిపేరుకు వదిలి వెళ్లిన టైరు మరో బండి టైరుతో కలిసిపోకుండా పంక్చర్ షాపువాళ్లు లోపల సుద్దముక్కతో బండి నంబరు చివరి నాలుగంకెలు రాసుకుంటారు. బయట రాసింది వానకు పోతుంది, లోపల రాసింది నెలల తరబడి మిగిలి ఉంటుంది. పెద్ద ట్రాన్స్‌పోర్టు యజమానులు తమ టైర్లు మారిపోకుండా పక్కగోడ మీద వేడి ఇనుముతో సంఖ్యలు కాలుస్తారు. రీబటన్ వేసిన టైరుకైతే ఆ యూనిట్ అంటించిన గుర్తు రబ్బరుతో కలిసి ఉడికి ఉంటుంది, దాన్ని గీకినా పోదు. ప్రతి రాతకూ ఫోటో తీయండి. లారీవి ఎన్ని, కారువి ఎన్ని, బైకువి ఎన్ని అని విడివిడిగా లెక్కపెట్టి తేదీ వేసి రాసుకోండి.

2019లో మా వీధి చివర కాలువ పక్కన మేము ఇదే చేశాం. అరవైకి పైగా టైర్లలో తొమ్మిదింటి లోపల సుద్ద రాతలు దొరికాయి. అందులో ఒకదాని మీద బండి నంబరు పూర్తిగా, కేఏ 53తో మొదలై, చివరి అంకె వరకు ఉంది. అది కృష్ణరాజపురం రిజిస్ట్రేషన్. ఆ బండి యజమానిని వెతికి, టైర్లు ఎక్కడ మార్పించారని అడిగితే పాత మద్రాసు రోడ్డు మీద ఒక పంక్చర్ షాపు చెప్పారు. ఆ షాపు నడిపే ఆయన పలమనేరు నుంచి వచ్చిన మనిషి. మేము ఫోటో చూపించగానే ముఖం తెల్లబోయింది. ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "అన్నా, నేను కాలవలో వేయలేదు. టైరుకు పది రూపాయల లెక్కన ఇచ్చి పంపించినాను. రసీదు అడగాలని నాకెవరు చెప్పినారు?" ఆయన చెప్పింది నిజం. డబ్బిచ్చి మరీ పంపించాడు; తీసుకుపోయిన ఆటో మనిషి రెండు కిలోమీటర్లు కూడా మోయకుండా మా కాలువలో కుమ్మరించి, ఆ డబ్బు మిగుల్చుకున్నాడు. అప్పటిదాకా పంక్చర్ షాపువాళ్లంటే మాకు కోపం. ఆ రోజు నుంచి మా పని వాళ్లతో కలిసి చేయాల్సిన పనిగా మారింది.

ఇక్కడ 2022లో వచ్చిన ఒక మార్పు మీకు బాగా ఉపయోగపడుతుంది. ప్రమాదకర, ఇతర వ్యర్థాల నిర్వహణకు సంబంధించిన 2016 నాటి నియమాలను కేంద్ర ప్రభుత్వం ఆ ఏడాది జూలైలో సవరించి, వాడిపడేసిన టైర్ల కోసం తొమ్మిదో షెడ్యూలును చేర్చింది. దాని ప్రకారం టైర్లు తయారు చేసే కంపెనీలూ, దిగుమతి చేసుకునేవారూ రెండేళ్ల కిందట మార్కెట్‌లోకి పంపిన పరిమాణంలో 2022-23లో 35 శాతానికి, 2023-24లో 70 శాతానికి, 2024-25 నుంచి మొత్తానికి రీసైక్లింగ్ బాధ్యత వహించాలి. ఆ బాధ్యత నెరవేరిందని చూపడానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదైన రీసైక్లర్ల నుంచి సర్టిఫికెట్లు కొనాలి. అంటే నమోదైన రీసైక్లర్‌కు టైరు నుంచి తీసిన సరుకు మీదే కాక సర్టిఫికెట్ మీద కూడా ఆదాయం వస్తుంది. వాళ్లకు ఇప్పుడు టైర్లు కావాలి. అయితే లారీ నిండితేనే వాళ్ల బండి కదులుతుంది, మీ పంక్చర్ షాపు దగ్గర ఉండేవి పన్నెండు టైర్లు. ఆ పన్నెండుకీ ఆ లారీకీ మధ్య ఉన్న ఖాళీలోనే గూడ్స్ ఆటో మనిషి బతుకుతున్నాడు.

ఆ ఖాళీని పూడ్చడం అపార్ట్‌మెంట్ సంఘానికీ, లేఅవుట్ సంఘానికీ చేతనైన పనే. మేము చుట్టుపక్కల పద్నాలుగు షాపులను కూర్చోబెట్టి మాట్లాడాం. అందరిదీ ఒకటే మాట, తీసుకుపోయేవాడు చెప్పిన రోజున వస్తే చాలని. నెలకు ఒక బుధవారం నిర్ణయించాం, ఎందుకంటే ఆది, సోమవారాల్లో షాపులకు గిరాకీ ఎక్కువ. ఒక సభ్యుడి గోడౌన్‌లో పైకప్పు ఉన్న మూల ఇప్పించాం. లారీ టైరులో కారు టైరును, అందులో స్కూటర్ టైరును దూర్చి పెడితే చోటు బాగా ఆదా అవుతుంది, ఈ పని షాపు కుర్రాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నేను పాత యూనిట్ పరిచయాలతో ఒక రీసైక్లర్‌ను పిలిపించాను. ఆయన నైలాన్ టైర్లకు డబ్బిచ్చాడు, చిన్న టైర్లను ఉచితంగా తీసుకున్నాడు, పక్కగోడ పూర్తిగా పోయిన వాటికి మాత్రం రవాణా ఖర్చు అడిగాడు. మూడూ కలిపి లెక్క వేస్తే షాపులు ఆటో మనిషికి ఇస్తున్నదానికన్నా తక్కువే పడింది. కాలువ దగ్గర కొత్త టైర్లు పడడం మొదటి రెండు నెలల్లోనే సగానికి తగ్గింది. పూర్తిగా ఆగడానికి మాత్రం ఎనిమిది నెలలు పట్టింది.

రీసైక్లర్‌ను ఎంచుకునేటప్పుడు తొందరపడకండి. మొత్తం గుట్టను ఉచితంగా, ఈ రాత్రికే ఎత్తుకుపోతామని ఎవరైనా వస్తే వెంటనే ఒప్పుకోవద్దు. టైర్లను గాలి లేకుండా మూసి ఉడికించి నూనె తీసే పైరాలిసిస్ యూనిట్లు దేశంలో వందల సంఖ్యలో ఉన్నాయి. పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందు 2019లో వచ్చిన లెక్క ప్రకారం 19 రాష్ట్రాల్లోని 637 యూనిట్లలో 270 నిబంధనలు పాటించడం లేదని తేలింది. అలాంటి చోట కొలిమి తెరిచినప్పుడు లేచే నల్లటి పొడి చుట్టూ పొలాల మీదా, అక్కడ పనిచేసే కూలీల ఊపిరితిత్తుల్లోనూ దిగుతుంది. కేంద్ర మండలి నమోదు, కర్ణాటక రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రం, రెండింటి నకళ్లూ చేతికి వచ్చాకే టైరు ఇవ్వండి. ప్రతి లోడుకూ తూకం చీటీ తీసుకోండి. మన కాలువ శుభ్రం చేసుకుని, హొసకోట అవతల ఏదో ఊరివాళ్ల ఇళ్ల మీదికి ఆ పొగ పంపించడం న్యాయం కాదు. పాత టైర్లకు రంగులు వేసి పార్కులో మొక్కలు పెడదామని మీ సంఘంలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పది టైర్లకు అది బాగానే ఉంటుంది, అడుగున రంధ్రాలు పెట్టి మట్టి నిండా నింపితే దోమలకూ చోటుండదు. మూడు వందల టైర్లకు అది మార్గం కాదు.

ఇదంతా కుదరడానికి నెలలు పడుతుంది, మీ పిల్లలకు జ్వరం ఈ వారమే వస్తోంది. కాబట్టి దోమల సంగతి ఈ రోజే చూడాలి. టైరును ఎలా పడేసినా దాని కడుపులో నీళ్లు నిలుస్తాయి. నీడ, వెచ్చదనం, కుళ్లిన ఆకులు కలిసి డెంగీని మోసే ఏడిస్ దోమకు అంతకన్నా అనువైన చోటు ఉండదు. 1985లో అమెరికాలోని హ్యూస్టన్ ప్రాంతంలో ఏడిస్ జాతికే చెందిన ఆసియా టైగర్ దోమ స్థిరపడినట్టు గుర్తించినప్పుడు, ఆసియా నుంచి దిగుమతి చేసుకున్న పాత టైర్లలోనే అది సముద్రం దాటి వచ్చిందని శాస్త్రవేత్తలు తేల్చారు. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి మన వాతావరణంలో వారం, పది రోజులు చాలు. చాలామందికి తెలియని విషయం ఒకటుంది: నీళ్లు ఒంపేస్తే పని అయిపోదు. ఆ దోమ గుడ్లను నీటి అంచుకు కాస్త పైన టైరు లోపలి గోడకు అంటించి పెడుతుంది. అవి ఎండిపోయి కూడా నెలల తరబడి బతికి ఉంటాయి, మళ్లీ వాన పడి నీరు తగలగానే పొదుగుతాయి. నీళ్లు ఒంపాక గరుకు బ్రష్‌తో లోపల గట్టిగా రుద్దాలి, లేదా గుట్ట మొత్తం మీద నీరు చేరకుండా టార్పాలిన్ బిగించి కట్టాలి. రెండూ కుదరకపోతే ఆరోగ్య సిబ్బందిని పిలిపించి లార్వా మందు వేయించండి, వారం వారం మళ్లీ చూడండి. పొగ మందు కొడితే ఎగిరే దోమలే పోతాయి, టైరులో ఉన్నవి అలాగే ఉంటాయి. ఈ దోమ పుట్టిన చోటికి కొన్ని వందల మీటర్ల లోపే తిరుగుతుంది, పగలే కుడుతుంది. మీ వీధి పిల్లల జ్వరానికీ ఆ గుట్టకూ సంబంధం ఉందని అనుకోవడానికి ఇది చాలు.

మంట విషయంలో అంతకన్నా జాగ్రత్త అవసరం. టైరు మంచి బొగ్గుకు తీసిపోని వేడితో మండుతుంది, దాని బోలులోని గాలే మంటను పోషిస్తుంది, పైనుంచి పోసిన నీళ్లు వంపు మీద జారిపోతాయి. 1990లో కెనడాలోని హేగర్స్‌విల్ దగ్గర కోటికి పైగా టైర్ల గుట్ట అంటుకుని 17 రోజులు మండింది. మీది అంత పెద్దది కాదు, అయినా బకెట్లతో ఆర్పబోకండి. 101కి ఫోన్ చేయండి, పిల్లలను, ముసలివాళ్లను గాలివాలుకు దూరంగా తీసుకువెళ్లండి, అగ్నిమాపక సిబ్బంది వచ్చేలోగా అంటుకోని టైర్లను వీలైతే దూరంగా దొర్లించండి. చిన్న మంట అయితే మట్టి, ఇసుక పని చేస్తాయి. కరిగిన టైరు నుంచి కారే నల్లని నూనె రాజకాలువలో కలవకుండా మట్టికట్ట వేయాలి, ఎందుకంటే తూర్పు బెంగళూరు కాలువల నీరు చివరికి దక్షిణ పినాకిని నదిలోకే పోతుంది. నిప్పు పెట్టేవాళ్లలో ఎక్కువమంది ఉక్కు తీగ కోసం కాల్చేవాళ్లు, చలికి కాచుకునే వాచ్‌మెన్‌లు. తీగ కోసం కాల్చేవాళ్లు మళ్లీ మళ్లీ వస్తారు, కాబట్టి మిగిలిన తీగ చుట్టలను అక్కడ ఉండనివ్వకండి.

ఇక మీరు అడిగిన ఫిర్యాదు సంగతి. మమ్మల్ని ఒక కార్యాలయం ఇది కాలుష్య శాఖ పని అంటూ పంపించింది, రెండో కార్యాలయం నేల మీది చెత్త మాది కాదంటూ వెనక్కి పంపింది. మీకూ ఇదే జరగవచ్చు కాబట్టి ఎవరి బాధ్యత ఏమిటో ముందే తెలుసుకుని వెళ్లండి. బహిరంగ స్థలంలోనూ, కాలువలోనూ పడ్డ చెత్తను తీయడం నగరపాలక బాధ్యత. 2025 సెప్టెంబరు నుంచి బెంగళూరు ఐదు కార్పొరేషన్లుగా విడిపోయింది, మహదేవపుర, కృష్ణరాజపురం ప్రాంతాలు తూర్పు కార్పొరేషన్ కిందికి వస్తాయి. చెత్త పనిని బెంగళూరు ఘన వ్యర్థాల నిర్వహణ సంస్థ చూస్తుంది. 1533కు ఫోన్ చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోండి. సైటు ప్రైవేటుదైతే యజమానికి నోటీసు ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. 2024లో కర్ణాటక ప్రభుత్వం డెంగీని అంటువ్యాధిగా ప్రకటించి తెచ్చిన నిబంధనల ప్రకారం, దోమలు పెరిగేలా వదిలేసిన ఖాళీ స్థలాల యజమానులకు నగరాల్లో 2,000 రూపాయలు, వాణిజ్య స్థలాలకు 1,000 రూపాయలు జరిమానా వేయవచ్చు. మొత్తం చిన్నదే, అయినా ఎక్కడో దూరాన ఉండే సైటు యజమానిని కదిలించడానికి నోటీసు చాలాసార్లు సరిపోతుంది. తగలబెట్టిన దానికైతే ఇంకా బలమైన ఆధారం ఉంది: చెత్త సమస్య మీద పోరాడిన మన బెంగళూరు అల్మిత్రా పటేల్ గారు వేసిన కేసులో హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరు 22న బహిరంగంగా చెత్త కాల్చడాన్ని దేశమంతటా నిషేధించి, మామూలుగా కాల్చితే 5,000, పెద్ద మొత్తంలో కాల్చితే 25,000 రూపాయలు పర్యావరణ పరిహారంగా నిర్ణయించింది. మీ ఫిర్యాదులో ఆ తేదీ రాయండి.

టైర్లు కొనే, కోసే, ఉడికించే యూనిట్ మీద అనుమానం ఉంటే మాత్రం అది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం పని. ఎవరూ కదలకపోతే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు అర్జీ పెట్టవచ్చు. ప్రజలకు ఇబ్బంది కలిగించే దాన్ని తొలగించమని ఆదేశించే అధికారం ఆయనకు ఉంది. ఇంతకుముందు చేసిన ఫిర్యాదుల మీద ఏం చర్య తీసుకున్నారని సమాచార హక్కు కింద అడగండి, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ జవాబు మీ చేతిలో ఉంటే తర్వాతి అర్జీకి బరువు పెరుగుతుంది.

రాత్రిపూట ఆటోను ఆపి నిలదీయడానికి వెళ్లకండి. మాలో ఒకాయన అలా వెళ్లి దెబ్బలు తిన్నాడు. కెమెరాను సైటు వైపు తిప్పి పెడితే చీకట్లో నీడలే పడతాయి. మలుపు దగ్గర, స్పీడ్ బ్రేకర్ మీద బండి నెమ్మదించే చోట, నంబరు పలక ఎత్తుకు పెట్టించండి, పైన ఒక దీపం వేయించండి. సైటుకు వెళ్లే దారిలో మీటరు ఎడంతో రాతి స్తంభాలు పాతితే బైకులు, మనుషులు పోగలరు, గూడ్స్ ఆటో దూరలేదు. మధ్య స్తంభం తాళం తీసి పైకి ఎత్తేలా ఉండాలి, లేకపోతే రేపు అగ్నిమాపక వాహనం కూడా లోపలికి రాలేదు. ఆ తాళం చెవి ఒకటి చెత్త బండి డ్రైవర్‌కు ఇవ్వండి.

మీ గుట్టలో లారీ కేసింగ్‌లు ఎక్కువగా ఉంటే అవి పంక్చర్ షాపులవి కాకపోవచ్చు. పక్కగోడ పగిలిందని ఏదో రీబటన్ యూనిట్ తిరస్కరించినవి అయి ఉంటాయి. అప్పుడు వెతకాల్సిన చోటు వేరు, మాట్లాడాల్సిన మనుషులూ వేరు. లెక్కపెట్టాక ఏ రకం ఎన్ని ఉన్నాయో, లోపల సుద్ద రాతలు ఎన్ని దొరికాయో రాయండి. కాల్చిన గుర్తులేమైనా ఉంటే ఆ ఫోటోలు కూడా పంపండి. ఈ చుట్టుపక్కల రీబటన్ యూనిట్ల గుర్తులు చాలావరకు నేను పోల్చగలను.